రెండు గంటల సినిమా... ఒకే ఒక్క ఫోటో!

ఒక చిన్న ప్రశ్న. సినిమా హాల్లో వెనకవరసలో, తెరకి సరిగ్గా ఎదురుగా ఒక కెమేరా పెట్టారనుకోండి. టైటిల్సు మొదలయ్యే క్షణంలో షట్టర్ తెరిచి, 'శుభం' కార్డు పడేదాకా మూయకుండా అలాగే వుంచేశారనుకోండి. లోపల వున్న ఫిల్ము ముక్క ఒక్కటే. రాబోయే ఫోటో కూడా ఒక్కటే. మరి ఆ ఫోటోలో ఏం పడుతుంది?

హీరో మొహమా? ఫైటింగు సీనా? కథానాయిక చీరచెంగా? పోనీ, అన్నీ కలిసిపోయి అలుక్కుపోయిన మరకా?

ఇవేవీ కాదు. తెల్లటి తెర పడుతుంది! ఏ బొమ్మా లేని, మల్లెపువ్వులా మెరిసిపోయే తెల్లటి తెర. దాని చుట్టూ మాత్రం హాలు మొత్తం స్పష్టంగా కనిపిస్తుంది. గోడల మీద చెక్కడాలు, పైకప్పు నగిషీలు, వరసగా కుర్చీలు, అన్నీ! రెండు గంటల పాటు చీకట్లో కూర్చుని మనం చూడనిదంతా ఆ ఫోటోలో వుంటుంది. మనం చూసిందేమో అందులో వుండదు.

ఈ ప్రశ్న నా సొంతం కాదు. 1976లో న్యూయార్క్ నగరంలో ఇరవై ఎనిమిదేళ్ళ జపాన్ యువకుడు ఒకాయన తనకి తానే వేసుకున్న ప్రశ్న ఇది. పేరు హిరోషీ సుగిమోటో. జవాబు కోసం ఆయన హాలు తర్వాత హాలు తిరిగారు. ఆ జవాబే ఆయన్ని ప్రపంచంలో పేరుమోసిన ఛాయాగ్రాహకుల సరసన నిలబెట్టింది. అక్కడితో ఆగకుండా నడివయసు దాటాక గుడి మెట్లు కట్టారు, మ్యూజియంలు తీర్చిదిద్దారు, సముద్రం ఒడ్డున గాజు రంగస్థలం నిర్మించారు!

నేను సినిమా పత్రికలకి కొన్నేళ్ళుగా రాస్తున్నాను. నటుల గురించి, దర్శకుల గురించి, చివరికి డూపుల గురించి కూడా రాశాను. సినిమా హాలే కథానాయకుడిగా రాయడం మాత్రం ఇదే మొదలు.

హెప్‌బర్న్ అభిమాని

సుగిమోటో 1948లో టోక్యోలో పుట్టారు. యుద్ధం ముగిసి మూడేళ్ళే అయింది. శిథిలాల్లోంచి జపాన్ మళ్ళీ లేచి నిలబడుతున్న రోజులవి. హైస్కూలు కుర్రాడిగా వుండగా ఆయనకి రెండు పిచ్చిలు. ఒకటి కెమేరా, రెండు సినిమా. రెండూ కలిస్తే ఏమవుతుంది? కెమేరా పట్టుకుని హాల్లో దూరి, తెర మీద ఆడుతున్న ఆడ్రీ హెప్‌బర్న్‌ని ఫోటోలు తీశారు! ఆయన తీసిన తొలి ఫోటోల్లో అవి కొన్ని. అభిమాన తార బొమ్మలు కత్తిరించి పుస్తకాల అట్టల్లో దాచుకున్న మన పాఠకులకి ఈ ముచ్చట వేరే వివరించక్కర్లేదు.

తర్వాత టోక్యోలోని రిక్యో విశ్వవిద్యాలయంలో రాజకీయశాస్త్రం, సమాజశాస్త్రం చదివి 1970లో పట్టా పుచ్చుకున్నారు. చదువుకీ కెమేరాకీ సంబంధం లేదు. అక్కణ్ణించి అమెరికా వెళ్ళి లాస్ ఏంజలెస్‌లోని ఆర్ట్ సెంటర్ కాలేజ్ ఆఫ్ డిజైన్‌లో చేరి ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. 1974లో న్యూయార్క్ చేరారు.

కళ అయితే వుంది గానీ కడుపు నిండాలిగా? ఆయన న్యూయార్క్‌లో జపాన్ పురాతన వస్తువుల వ్యాపారం పెట్టారు. స్వదేశం వెళ్ళి పాత విగ్రహాలు, బొమ్మలు, కుండలు ఏరి తెచ్చి అమ్మేవారు. ఇది పొట్టకూటి కోసం చేసిన పనే అయినా, వృథా పోలేదు. పాత రాయి, పాత కొయ్య చేత్తో తడిమి వయసు చెప్పగలిగే నేర్పు ఆయనకి ఆ వ్యాపారంలోనే అబ్బింది. ఆ నేర్పు ముందుముందు ఎక్కడ పనికొచ్చిందో చివర్లో చెప్తాను.

ఒక కన్ను మూస్తే చాలు!

న్యూయార్క్‌లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ అని పెద్ద ప్రదర్శనశాల వుంది. అక్కడ అద్దాల వెనకాల చచ్చిన జంతువుల చర్మాల్లో పూర్తి చేసిన బొమ్మల్ని నిలబెట్టి, వెనక రంగుల తెర గీసి, అడవో మంచుకొండో అనిపించేలా అమర్చిన దృశ్యాలుంటాయి. వాటిని డయోరమాలంటారు. మన భాషలో చెప్పాలంటే సెట్టింగులే!

సుగిమోటో వాటి ముందు నిలబడి చూశారు. బొమ్మలు బొమ్మల్లాగే, తెర తెరలాగే వున్నాయి. ఊరికే ఒక కన్ను మూసి చూశారు. అంతే! లోతు మాయమైంది, సెట్టింగు నిజమైపోయింది. కెమేరాకి వున్నదీ ఒక్క కన్నే కదా, అదీ ఇలాగే చూస్తుంది అని ఆయనకి తట్టింది. 1976లో మంచు మీద సీలుని చంపి నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటిని నలుపు తెలుపులో తీశారు. ఆ ఫోటో చూసినవాళ్ళు ఈ మనిషి ప్రాణాలకి తెగించి ఉత్తరధ్రువం వెళ్ళాడనుకోవాల్సిందే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆ ఫోటోని కొనుక్కుంది. పేరులేని యువకుడికి అంతకంటే పెద్ద బోణీ ఏం కావాలి?

కెమేరా అబద్ధం చెప్పదని మన పెద్దలంటారు. సుగిమోటో కెమేరా చక్కగా అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధంలో నిజాన్ని పట్టుకుంటుంది.

హాల్లో దూరిన పెద్ద కెమేరా

ఆ మ్యూజియంలో పనిచేస్తున్న రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయనకి మనం మొదట్లో వేసుకున్న ప్రశ్న తట్టింది. జవాబు కూడా మనసులోనే వెంటనే మెరిసింది. మెరిసే తెర మిగులుతుంది! ఇక ఆగలేకపోయారు. టూరిస్టులా వేషం వేసుకుని, న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో టికెట్టు ధర తక్కువగా వుండే ఒక హాల్లోకి పెద్ద కెమేరాతో సహా వెళ్ళారు. సినిమా మొదలు కాగానే షట్టర్ తెరిచారు. రెండు గంటల తర్వాత సినిమా అయిపోగానే మూశారు. ఆ రాత్రే ఫిల్ము కడిగి చూశారు. మనసులో మెరిసిందే ఫిల్ము మీదా మెరిసింది!

ఇదెలా జరుగుతుందో లెక్కలో చెప్తాను. తెరమీద సెకనుకి 24 బొమ్మలు పడతాయని మీకు తెలుసు. అంటే నిమిషానికి 1,440. గంటకి 86,400. రెండు గంటల సినిమాకి 1,72,800 బొమ్మలు! మన తెలుగు సినిమా మూడు గంటలు నడిచిందంటే 2,59,200. మన కన్ను ఒక బొమ్మ చూసి, దాన్ని వదిలేసి, తర్వాతి బొమ్మ అందుకుంటుంది. అందుకే మనకి కదలిక కనిపిస్తుంది. షట్టర్ తెరిచి వున్న కెమేరా అలా కాదు. దానికి వదిలెయ్యడం తెలీదు. పడిన వెలుగునల్లా ఒకదానిమీద ఒకటి పోగేసుకుంటూ పోతుంది. పలక మీద ఒకే చోట అక్షరం మీద అక్షరం, అక్షరం మీద అక్షరం రాసుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది? ఒక్క అక్షరమూ కనబడదు. పలక మొత్తం తెల్లబడుతుంది. అదే జరిగింది ఇక్కడ.

మరి హాలు ఎలా పడింది? తెరమీద పడ్డ వెలుగే తిరిగి గోడల మీద, కుర్చీల మీద కొద్దికొద్దిగా పడుతుంది. కంటికి ఆనని ఆ వెలుగుని కెమేరా రెండు గంటలపాటు ఓపిగ్గా తాగుతుంది. వేరే దీపం ఒక్కటీ లేదు. హాలుకి దీపం పట్టింది సినిమాయే! కుర్చీలు మాత్రం ఖాళీగా కనిపిస్తాయి. ఒకవేళ జనం వున్నా, చీకట్లో కదిలే మనిషి అంతసేపటి ఫోటోలో నిలబడడు. కదలని కుర్చీ నిలుస్తుంది, కదిలే మనిషి మాయమవుతాడు.

ఇంకో తమాషా సుగిమోటోయే చెప్పారు. సంతోషంగా సాగే కథకి తెర బాగా తెల్లగా వస్తుందట, విషాద కథకి కాస్త మసకగా వస్తుందట! నవ్వుకోకండి, అందులో లెక్క వుంది. నవ్వుల సినిమాలో పగటి దృశ్యాలెక్కువ. ఏడుపు సినిమాలో, దయ్యాల సినిమాలో రాత్రిళ్ళెక్కువ. అంటే ఆ తెలుపులో కథ పూర్తిగా చావలేదు. ఎంతో కొంత మిగిలే వుంది.

ఆయన థియేటర్ల ఫోటోల పుస్తకం నాకిచ్చిన మిత్రుడు, "అన్ని పేజీల్లోనూ తెల్ల తెరేనయ్యా, బొమ్మ ఎక్కడ?" అని నవ్వాడు. నేను మటుకు గంటసేపు ఆ పుస్తకం వదల్లేదు. సినిమా చూడ్డానికి వెళ్ళి, సినిమాని మోసే ఇంటిని ఎప్పుడైనా తేరిపార చూశామా మనం?

నక్షత్రాల పైకప్పులు

సుగిమోటో ఏ హాలు పడితే ఆ హాలు తియ్యలేదు. 1920లలో, 30లలో అమెరికాలో సినిమాహాళ్ళని రాజభవనాల్లా కట్టేవారు. అర్ధరూపాయి కూలీ కూడా టికెట్టు కొంటే రెండు గంటలపాటు మహారాజే! ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ సివిక్ థియేటర్ 1929లో మొదలైంది. దాని పైకప్పు నీలాకాశంలా వుంటుంది, అందులో నక్షత్రాలు మిణుకుమంటాయి, మబ్బులు కదులుతాయి! న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాలు 1932లో తెరిచారు. దాదాపు ఆరువేల మంది పడతారు. వాటిని, అలాంటివి ఎన్నింటినో ఆయన కెమేరాలో బంధించారు. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడుగు వుండే ఫిల్ము ముక్క పట్టే పాతకాలపు పెద్ద కెమేరా అది. దానికి స్టాండు, నల్లగుడ్డ, బెలోసు తప్పవు.

1993లో డ్రైవ్-ఇన్ థియేటర్లు తీశారు. కార్లలో కూర్చుని ఆరుబయట చూసే హాళ్ళవి. ఆ ఫోటోల్లో తెర వెనక ఆకాశంలో సన్నటి తెల్లగీతలు కనిపిస్తాయి. సినిమా నడుస్తున్నంతసేపూ జరిగిన నక్షత్రాల దారులు, ఎగిరిపోయిన విమానాల దారులు అవి. కింద మనుషుల కథ, పైన ఆకాశం కథ, రెండూ ఒకే ఫోటోలో!

ఆ తర్వాత కథ బరువెక్కుతుంది. టీవీ వచ్చింది, వీడియో వచ్చింది, మల్టీప్లెక్సు వచ్చింది. ఆ రాజభవనాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సుగిమోటో మళ్ళీ వెళ్ళారు. 2015 ప్రాంతంలో, పెచ్చులూడిన గోడలు, విరిగిన కుర్చీలు, బూజుపట్టిన బాల్కనీలు వున్న పాడుబడ్డ హాళ్ళలోకి తెర, ప్రొజెక్టరు తానే మోసుకెళ్ళి, తానే సినిమా వేసి, ఆ వెలుగులో ఫోటోలు తీశారు. అలా ఆడించిన వాటిలో కురొసావా తీసిన 'రషోమాన్' కూడా వుంది. ప్రేక్షకుడు లేని హాల్లో చిట్టచివరి ఆట! ఆ ఫోటోల్లోనూ తెర తెల్లగానే వుంది. చుట్టూ వున్న హాలు మాత్రం శవంలా వుంది.

ఇక్కడ నేను కాసేపు మన వూళ్ళకి రాక తప్పదు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని నాలుగు తరగతులున్న హాళ్ళలో పెరిగిన తరం మనది, మన అన్నలది. కార్బన్ కడ్డీలు వెలిగించి రీలు మార్చే ఆపరేటర్ వుద్యోగం డిజిటల్ ప్రొజెక్టర్లతో పోయింది. ఆంధ్రాలోనూ, తెలంగాణాలోనూ ఎన్నో సింగిల్ స్క్రీన్ హాళ్ళు కల్యాణమండపాలయ్యాయి, గోడౌన్లయ్యాయి, షాపింగు కాంప్లెక్సులయ్యాయి. ఆడిన సినిమాలు ఏదో రూపంలో మనకి దొరుకుతున్నాయి. వాటిని ఆడించిన హాళ్ళు దొరకవు. వాటిలో ఎన్నింటి లోపలి ఫోటో మన దగ్గర వుంది? గేటు ముందు కటౌటు ఫోటోలు బోలెడు. దండలు వేసిన ఫోటోలు బోలెడు. లోపల, తెరకి ఎదురుగా నిలబడి తీసిన ఫోటో? నేను అడిగిన పాత ఆపరేటర్లలో ఒక్కరి దగ్గరా లేదు.

సముద్రం, మైనం, మెరుపు

1980లో సుగిమోటో సముద్రాల మీద పడ్డారు. జమైకా దగ్గర కరీబియన్ సముద్రంతో మొదలు. తర్వాత ఇంగ్లీష్ ఛానెల్, నల్లసముద్రం, జపాన్ సముద్రం... ఎక్కడ తీసినా ఒకటే పద్ధతి. ఫోటో సగం నీళ్ళు, సగం ఆకాశం, మధ్యలో గీత. పడవ లేదు, పక్షి లేదు, మనిషి లేడు. ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని ఇవాళ మనం అచ్చంగా అలాగే చూడగలమా? కొండలు మారాయి, అడవులు పోయాయి. సముద్రం ఒక్కటే మిగిలింది అని ఆయన వాదన.

ఈ సముద్రాల్లో ఒకటి పాటల ప్రపంచానికి కూడా వెళ్ళింది. యూటూ అనే ఐర్లండు సంగీత బృందం 2009లో తెచ్చిన 'నో లైన్ ఆన్ ది హొరైజన్' ఆల్బం అట్ట మీద వున్నది సుగిమోటో 1993లో తీసిన బోడెన్ సరస్సు ఫోటోయే. డబ్బు చేతులు మారలేదు. ఫోటో వాళ్ళు వాడుకోవచ్చు, వాళ్ళ పాట ఈయన వాడుకోవచ్చు. వస్తుమార్పిడి, సంతలో వడ్లిచ్చి వుప్పు పుచ్చుకున్నట్టు!

1999లో మైనపు బొమ్మల వంతు వచ్చింది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఫోటో తీశారు! పదహారో శతాబ్దపు రాజుకి ఫోటో ఏమిటంటారా? ఆయన బతికుండగా హోల్బైన్ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. ఆ పోలికలతో మైనపు బొమ్మ చేశారు. సుగిమోటో దాని వెనక నల్లతెర కట్టి, పాత చిత్రాల్లో వుండే లైటింగు చేసి, నిలువెత్తు ఫోటో తీశారు. మనిషి పోయి బొమ్మ, బొమ్మ పోయి మైనం, మైనం పోయి ఫోటో. అయినా ఆ కళ్ళు మన వంకే చూస్తున్నట్టుంటాయి. మేకప్పూ, లైటింగూ కలిస్తే చచ్చినవాణ్ణి బతికించొచ్చని సినిమావాళ్ళకి వేరే చెప్పాలా?

చీకటిగదిలో ఫిల్ము మీద స్టాటిక్ కరెంటు నిప్పురవ్వలు పడి నెగెటివులు పాడవడం ఫోటోగ్రాఫర్లందరికీ వుండే బెడద. సుగిమోటో ఆ బెడదనే పిలిచి పీట వేశారు. 4,00,000 వోల్టుల జనరేటర్ తెప్పించి, కెమేరా లేకుండా నేరుగా ఫిల్ము మీదే కరెంటు పారించారు. వేళ్ళూ కొమ్మలూ వున్న చెట్లలా మెరుపులు పడ్డాయి! 2006 నుంచి ఆయన చేసిన ఈ వరసకి 'లైట్నింగ్ ఫీల్డ్స్' అని పేరు.

ఒక అనుమతి... ఏడేళ్ళు!

క్యోటో నగరంలో సంజూసంగెన్‌దో అనే బౌద్ధాలయం వుంది. 1164లో కట్టించారు. దాదాపు 120 మీటర్ల పొడవు హాలు. అందులో నిలబడ్డ 1,000 కన్నోన్ విగ్రహాలు, మధ్యలో కూర్చున్న పెద్ద విగ్రహం ఒకటి. అన్నీ కలిపి 1,001! కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. మన దేశం నుంచి చైనా మీదుగా జపాన్ వెళ్ళిన దేవుడు.

అక్కడ ఫోటో తియ్యడానికి అనుమతి కోసం సుగిమోటో ఏడేళ్ళు కాచుకున్నారు. 1995లో దొరికింది. ఆయన పెట్టుకున్న నియమం ఒకటే. ట్యూబులైట్లు వుండకూడదు, తర్వాత కాలంలో తగిలించిన అలంకారాలు కనబడకూడదు. ఎనిమిదొందల ఏళ్ళ కిందట భక్తుడు ఎలా చూశాడో అలాగే కనబడాలి. వేసవిలో తెల్లవారుజామున తూర్పు నుంచి సూర్యకిరణం లోపలికి వచ్చే కొద్దిపాటి సమయంలో, రోజు తర్వాత రోజు ఫోటోలు తీసుకున్నారు. ఆ బంగారు విగ్రహాలు వరసలు వరసలుగా అలల్లా వస్తాయి. అందుకే ఆ వరస ఫోటోలకి 'బుద్ధుల సముద్రం' అని పేరు పెట్టారు.

ఒక షాటు కోసం సూర్యుడి కోసం కాచుకునే కెమేరామన్లు మన చిత్రసీమలోనూ వున్నారు. గంటలు కాచుకున్నవాళ్ళు వున్నారు, రోజులు కాచుకున్నవాళ్ళు వున్నారు. ఏడేళ్ళు?

లైసెన్సు లేని ఆర్కిటెక్టు

1997లో సుగిమోటో పేరుపడ్డ కట్టడాలని ఫోటోలు తియ్యడం మొదలెట్టారు. ఈఫిల్ టవర్, న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ లాంటివి. మామూలుగా ఫోకసు సరిగా లేకపోతే ఫోటో చెడిందంటాం కదా? ఈయన కావాలనే ఫోకసు చెడగొట్టి తీశారు. అన్నీ మసక మసకగా వుంటాయి. ఎందుకని? కట్టడం పుట్టేముందు ఆర్కిటెక్టు మనసులో మసక రూపంగానే వుంటుంది కదా, ఆ రూపం నాకు కావాలన్నారు. పైగా అది ఒక పరీక్ష కూడానట. మసకలో కూడా గుర్తుపట్టగలిగితే అది గొప్ప కట్టడం, కరిగిపోతే కాదు! హీరో నీడ చూసి ఎవరో చెప్పే అభిమానికి ఈ పరీక్ష బాగా తెలుసు.

ఇతరుల కట్టడాలు అంతగా చూశాక సొంతంగా కట్టాలనిపించదూ? జపాన్‌లోని నవోషిమా దీవిలో శిథిలమైన గో-ఓ దేవాలయాన్ని పునరుద్ధరించే పని ఆయనకి వచ్చింది. 2002లో పూర్తిచేశారు. గుడి ముందు గాజు మెట్లు! కెమేరా లెన్సులకి వాడే స్వచ్ఛమైన గాజుతో చేసినవి. ఆ మెట్లు భూమి లోపలి చీకటి గదిలోకి కూడా దిగుతాయి. పైన పడిన వెలుగు ఆ గాజులోంచి పాతాళంలోకి పారుతుంది. ఫోటోగ్రాఫర్ గుడి కడితే అలాగే వుంటుంది మరి.

ఆయనకి ఆర్కిటెక్టు లైసెన్సు లేదు. అందుకని లైసెన్సున్న యువకులని పక్కన పెట్టుకున్నారు. 2008లో తొమోయుకి సకాకిదా అనే ఆర్కిటెక్టుతో కలిసి టోక్యోలో 'న్యూ మెటీరియల్ రీసెర్చ్ లేబరేటరీ' స్థాపించారు. కొత్త వస్తువుల పరిశోధనాలయం అని పేరు. చేసేది మాత్రం అంతా పాత వస్తువులతో! పాత రాయి, పాత కొయ్య, పాత పెంకు. అన్నిటికంటే పాతదే అన్నిటికంటే కొత్తది అని వాళ్ళ సిద్ధాంతం. పురాతన వస్తువుల వ్యాపారం ఎక్కడ పనికొచ్చిందో చెప్తానన్నాను కదా, ఇదిగో ఇక్కడ!

అటామీలోని ఎంఓఏ మ్యూజియం లోపలి భాగాన్ని 2017లో వీళ్ళే కొత్తగా తీర్చారు. వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియం శిల్పోద్యానాన్ని సుగిమోటో నమూనా ప్రకారం మార్చే పని 2022లో మొదలైంది. మధ్యలో వెనిస్‌లో 2014లో ఒక గాజు టీ గది కట్టారు. దాని పేరు 'మోండ్రియాన్'.

రంగస్థలం ఆయన్ని వదల్లేదు. జపాన్‌లో బున్‌రాకు అనే బొమ్మలాట వుంది. మన కొయ్యబొమ్మలాటకి దూరపు చుట్టం. ఒక్కొక్క ముఖ్యమైన బొమ్మని ముగ్గురు మనుషులు ఆడిస్తారు. చికమత్సు రాసిన 1703 నాటి విషాద ప్రేమకథ 'సొనెజాకి షింజూ'ని సుగిమోటో 2011లో ప్రదర్శింపజేసి, 2013లో యూరప్ తీసుకెళ్ళారు. 2019లో పారిస్ ఒపేరాలో యేట్స్ నాటకం ఆధారంగా బాలే చేయించారు.

పదివేల ఏళ్ళ తర్వాతి కోసం

చిన్నప్పుడు రైల్లో వెళ్తుంటే ఒదావరా దగ్గర సొరంగంలోంచి బయటికి రాగానే ఎదురుగా పసిఫిక్ మహాసముద్రం ఒక్కసారిగా కనబడిందట. సుగిమోటోకి గుర్తున్న తొలి జ్ఞాపకాల్లో అదొకటి. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగు! సినిమా హాలులాగే లేదూ?

అదే ఒదావరాలో, సగామి అఖాతం వైపు చూసే కొండ మీద, ఒకప్పటి కమలా తోటలో ఆయన 'ఎనోఉరా అబ్జర్వేటరీ' కట్టారు. 2017 అక్టోబరులో తెరిచారు. ఫోటోలు అమ్మగా వచ్చిన డబ్బు ఇందులో కుమ్మరించారు. అక్కడ 100 మీటర్ల పొడవున ఒక గ్యాలరీ వుంది. ఒకవైపు రాతిగోడ, మరోవైపు స్తంభాలు లేని గాజు పలకలు. ఏడాదిలో పగలు అతి పొడవుగా వుండే రోజు ఉదయం సూర్యకిరణం ఆ గ్యాలరీ పొడవునా పరుగెడుతుంది. దాని అడుగునుంచి పోయే 70 మీటర్ల ఇనుప సొరంగం మరొకటి. ఏడాదిలో పగలు అతి చిన్నదైన రోజు ఉదయం సముద్రంలోంచి లేచిన సూర్యుడు ఆ సొరంగంలోకి సూటిగా చూస్తాడు. ప్రొజెక్టరు గదిలోంచి వచ్చే వెలుగుపాయ చూసినవాళ్ళకి అదెలా వుంటుందో తెలుసు. ఇక్కడ ఆపరేటర్ సూర్యుడు!

పక్కనే గాజు రంగస్థలం. కూర్చుని చూస్తే సముద్రం మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. ప్రేక్షకులు కూర్చునే మెట్లు ఇటలీలో శిథిలమైన ఒక రోమన్ రంగశాలకి అచ్చమైన నకలు. ఇంకోవైపు చిన్న టీ గది. దాని కప్పుకి కమలా తోటలోని పాత గుడిసె రేకులు తెచ్చి వేశారు. వానపడితే రేకుల మీద చప్పుడు వినడానికి! దాని పేరు 'ఉచోతెన్'. ఆ పేరులోనే వాన వుంది, వినడం వుంది. రేకుల షెడ్డు హాల్లో వానాకాలం సినిమా చూసినవాళ్ళం, ఆ చప్పుడుకి డైలాగు వినబడక తిట్టుకున్నవాళ్ళం మనం. ఆయన దానికే పూజ కట్టారు.

ఈ కట్టడం ఎన్నాళ్ళుండాలని? వేల ఏళ్ళ తర్వాత నాగరికత పోయాక, శిథిలంగా కూడా ఇది అందంగా వుండాలని ఆయన కోరిక. పాడుబడ్డ హాళ్ళలో నిలబడి ఫోటోలు తీసిన మనిషికి రాక ఇంకెవరికొస్తుంది ఆ కోరిక?

గౌరవాలు చాలానే వచ్చాయి. 2001లో హాసెల్‌బ్లాడ్ అవార్డు, 2009లో ప్రేమియం ఇంపీరియాలే, 2017లో జపాన్ ప్రభుత్వం నుంచి సాంస్కృతిక సేవా గౌరవం. ఫోటోగ్రాఫరా, ఆర్కిటెక్టా, దర్శకుడా అని అడిగితే చెప్పడం కష్టం. నాకు మాత్రం ఆయన చేసిందంతా ఒకే పని అనిపిస్తుంది. వెలుగు పడినచోట కాలం ఎంత మిగులుతుందో చూడటం.

'సినిమాని చెరిపేసి హాలుని మిగిల్చడం ఏం ఘనత?' అని మీలో కొందరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకసారి లెక్క వేసుకోండి. మీరు పదిహేనేళ్ళ వయసులో చూసిన సినిమాల్లో కథ పూర్తిగా గుర్తున్నవెన్ని? ఎవరితో వెళ్ళారో గుర్తుంటుంది. ఏ వరసలో కూర్చున్నారో గుర్తుంటుంది. ఫ్యాను కింద సీటు కోసం పరుగెత్తింది గుర్తుంటుంది. 2,59,200 బొమ్మల్లో మిగిలింది ఆ వెలుగూ, ఆ హాలూ, పక్కన కూర్చున్న మనిషీ. సుగిమోటో ఫోటో మన జ్ఞాపకం చేసే పనే చేస్తోంది.

అందుకే మిత్రులారా, ఒక చిన్న మాట. మీ వూళ్ళో ఇంకా నడుస్తున్న పాత హాలు ఏదైనా వుంటే, ఈసారి ఆట వదిలాక వెంటనే తలుపు వైపు పరుగెత్తకండి. యజమానినో మేనేజరునో అడిగి, దీపాలు వెలిగాక, తెరకి ఎదురుగా నిలబడి ఒక్క ఫోటో తియ్యండి. రెండు గంటలు షట్టర్ తెరిచి వుంచక్కర్లేదు. జేబులో వున్న ఫోను చాలు. తెర, గోడలు, కుర్చీలు అన్నీ పడాలి. వెనకాల హాలు పేరు, వూరు, తేదీ రాసి దాచండి.

మన హాళ్ళకి సుగిమోటో రారు. మనమే వెళ్ళాలి.